లిస్టులో లేని అతిథి

జనం తిరగబడ్డ ఆరో రోజు పొద్దున డ్యూటీకి వెళుతూ లిస్టక్క మూడు శవాలను దాటింది. మొదటిది బస్టాపు బెంచీ కింద, రెండోది మందుల షాపు మెట్ల మీద. మూడోది నడిరోడ్డులో ఉంది, ఎవరో దాని మీద కిటికీ తెర కప్పి ఎగిరిపోకుండా ఇటుకలు పెట్టారు. మొదటిదానికి దణ్ణం పెట్టింది. మూడోది వచ్చేసరికి పక్కకి జరిగి నడిచింది, అంతే. అంత తొందరగా అలవాటైపోయినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆగలేదు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క పూట ఆలస్యంగా వెళ్ళని మనిషి, తుపాకులు పేలుతున్నాయని సెలవు పెడుతుందా?

ఆమె ఉద్యోగం ఎంబసీలో. సముద్రానికి అవతల ఉన్న పెద్ద దేశం వాళ్ళది ఆ ఎంబసీ. ఆ దేశంలో నాలుగేళ్ళకోసారి ఎన్నికలు జరుగుతాయి, ఓడినవాడు బుద్ధిగా సామాను సర్దుకుని ఇంటికి పోతాడు. ఇక్కడా ఎన్నికలు జరుగుతాయి, కాకపోతే ఫలితాలు ముందే అచ్చవుతాయి, అధ్యక్షుడు ముప్పై ఒక్క ఏళ్ళుగా కుర్చీ దిగలేదు. ఈ ఇద్దరికీ స్నేహం ఎలా కుదిరిందా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. రేవులో ఆ పెద్ద దేశం యుద్ధనౌకలు ఆగుతాయి.

ఎంబసీ గడప తొక్కాలంటే ముందు రోజే పేరు లిస్టుకెక్కాలి. ఆ లిస్టు తయారుచేసేది ఈవిడే కాబట్టి గేటు సార్జెంటు దగ్గర్నుంచి రాయబారి దాకా అందరికీ లిస్టక్క అయిపోయింది. తెల్ల కాపీ లోపల గేటుకి, గులాబీ రంగు కాపీ బయట పోలీసు బూతుకి. మన గుమ్మంలోకి ఎవరొస్తున్నారో మిత్రుడికి తెలియాలి కదా, అదీ ఒప్పందం. పొద్దున ఎనిమిదిన్నరకి సార్జెంటూ బూతు పోలీసూ రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి, పేరు పేరుకీ టిక్కు కొట్టి సంతకాలు చేయాలి. ఈ పద్ధతి పెట్టింది లిస్టక్కే. పదకొండేళ్ళ క్రితం ఒక ముసలాయన పేరు ఒక కాపీలో ఉండి రెండోదాంట్లో లేక, ఎండలో అటూ ఇటూ తిరిగి సొమ్మసిల్లి పడిపోతే, జాలిపడి పెట్టింది. ఇప్పుడు ఆ సంతకాల కాగితాలు రోజూ ఆమె దగ్గరికే వస్తాయి, చిల్లులు పెట్టి ఫైల్లో కట్టేస్తుంది. ఎవరూ చదవకుండానే గీకేస్తున్నారని ఆమె నమ్మకం. లిస్టుకెక్కిన వాళ్ళలో కొందరు ఒక్కసారి వచ్చి మళ్ళీ కనిపించేవారు కాదు. ఎందుకని ఆమె ఏనాడూ ఆరా తీయలేదు.

ఆ రోజు తొమ్మిదింటికి పెద్దాయన, అంటే రాయబారి, మీటింగు పెట్టాడు. పేర్లు రాసుకోవడానికి ఈవిణ్ణీ పిలిచారు. డిప్యూటీ మేడమ్ వస్తూనే ఒక ఖాళీ బాష్పవాయు గొట్టాన్ని బల్ల మీద టక్కున పెట్టింది. వచ్చి ఏడాది కాలేదు, ఈ దేశపు భాష పుస్తకాల్లో నేర్చుకుంది, పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతుంది. ఇది ఒక పదహారేళ్ళ పిల్ల కంట్లోంచి తీశారు, దీని మీద మన దేశం పేరు చెక్కి ఉంది, చదువుకోండి అంది. ప్రపంచమంతా తిరిగి ఓటు గురించి పాఠాలు చెప్పేది మనమే, వీళ్ళు ఆ పాఠం నిజంగా నేర్చుకుంటే మొహం తిప్పుకునేదీ మనమేనా అని నిలదీసింది.

పెద్దాయన దుర్మార్గుడు కాడు, ఆ మాట చెప్పుకోవాలి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగా జవాబిచ్చాడు. ముప్పై ఏళ్ళు మనతో నిలబడ్డవాణ్ణి ఒక్క వారంలో వదిలేస్తే, రేపు ఇంకే మిత్రుడు మన మాట నమ్ముతాడన్నాడు. ఈయన పోయాక వచ్చేది ఎవరో, వాళ్ళు ఇంతకన్నా ఎక్కువ రక్తం తాగరని ఎవరు రాసిస్తారన్నాడు. ఇదివరకు తను పనిచేసిన దేశంలో ఒక నియంత పడిపోయాడని జనంతో పాటు తనూ చప్పట్లు కొట్టాడట, ఆ తర్వాత రెండేళ్ళు శవాలు లెక్కపెడుతూ కూర్చున్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఎవరి వంకా చూడలేదు.

గంటన్నర గుంజాటన జరిగాక ఒక మధ్యేమార్గం దొరికింది. తిరగబడ్డవాళ్ళలో ముగ్గుర్ని పిలిపించి వాళ్ళ గోడు విందాం, విన్నాక మన దేశ రాజధానికి రాద్దాం. పెద్దాసుపత్రి డాక్టరు ఒకరు, మానవ హక్కుల లాయరమ్మ ఒకరు. మూడోవాడు రేవు కార్మికుల నాయకుడు, సమ్మె మొదటి రోజున క్రేను మీదికెక్కి రెండు రోజులు దిగకుండా కూర్చున్నందుకు ఊరంతా క్రేను అని పిలుస్తోంది. లిస్టక్క కలం ఆగిపోయింది. వాడు ఆమె సొంత తమ్ముడు. ఆ సంగతి డిప్యూటీకి తెలుసు, అందుకే కబురు అక్క చేత పంపుదామంది.

గులాబీ కాపీ మాటేమిటని లిస్టక్క అడిగింది. భద్రత చూసే కల్నల్ వెంటనే, అది మామూలుగానే వెళ్ళాలన్నాడు, ఒప్పందం ఒప్పందమే. మిత్రుడి వెనకాల ఏదీ చేయం, ముందే చెప్పి చేస్తామన్నాడు పెద్దాయన, అక్కడికక్కడే హోంమంత్రికి ఫోను కలిపాడు. లిస్టులో ఉన్న అతిథుల మీద ఈగ వాలనివ్వమని మంత్రి మాట ఇచ్చాడు.

మధ్యాహ్నం లిస్టక్క రేవుకి వెళ్ళింది. ముందు రోజు పోలీసులు అక్కడ నలభై మందిని కాల్చారు, ఇనుప కంటెయినర్ల మీద గుళ్ళు దూరిన కన్నాలు వరసగా కనబడుతున్నాయి. నేలంతా నీళ్ళు కొట్టి కడిగారు గానీ పట్టాల సందుల్లో నల్లగా గడ్డకట్టినది అలాగే ఉంది. తమ్ముడు ఒక ఖాళీ కంటెయినర్లో, కాలు తెగిన మనిషికి నీళ్ళు పట్టిస్తున్నాడు. ఆ మనిషి రెండు గుక్కలు తాగాడు, మూడోది తాగకుండానే తల వాల్చేశాడు. తమ్ముడు గ్లాసు పక్కన పెట్టి అతని కళ్ళు మూసి, చొక్కా అంచుకి చేతులు తుడుచుకుని బయటికొచ్చాడు.

"ఏంటక్కా, మీ దొరలు పంపించారా?" అన్నాడు. ఆ స్థితిలోనూ వాడికి వెటకారం పోలేదు.

ఆమె కన్నా పద్నాలుగేళ్ళు చిన్నవాడు. వాడికి నడక నేర్పింది ఆమే, మొదటి రోజు బడికి చెవి పట్టుకుని లాక్కెళ్ళిందీ ఆమే. ముప్పై నాలుగేళ్ళొచ్చి గడ్డం నెరుస్తున్నా ఆమె కంటికి ఇంకా ముక్కు చీదడం రాని వెధవలాగే ఉంటాడు. పిలుపు సంగతి చెప్పింది. వెళ్ళకపోతే మాట్లాడే అవకాశం పోగొట్టుకున్నావంటారు, వెళితే పట్టుకుపోతారు, రెండూ నాకు తెలుసన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"మా పేర్లు పోలీసులకి పోతాయా?"

"నేను చూసుకుంటాన్రా."

"నువ్వు చూసుకుంటానంటే వస్తాను."

అయిదింటికి ఆఫీసుకి తిరిగొచ్చి, టైపు యంత్రం ముందు కూర్చుని, లిస్టక్క పంతొమ్మిదేళ్ళలో ఎన్నడూ చేయని పని చేసింది. తెల్ల కాపీ మీద ముగ్గురి పేర్లూ ఉన్నవి ఉన్నట్టు కొట్టింది. గులాబీ కాపీ మీద డాక్టరు పేరూ లాయరమ్మ పేరూ అలాగే ఉంచి, మూడో వరసలో తమ్ముడికి బదులు ఎంబసీ జనరేటరు మెకానిక్కు పేరు ఎక్కించింది. మంత్రి మాట మీద ఆమెకి చిటికెడు నమ్మకం లేదు. తక్కిన ఇద్దరి గురించి ఆలోచన రాలేదా అంటే వచ్చింది. వాళ్ళు పేరున్న పెద్దమనుషులు, వాళ్ళనేమీ చేయరులే అని మనసుకి సర్దిచెప్పుకుంది. రెండు కాపీలూ రెండు కవర్లలో పెట్టి పంపేసింది, బూతు దాటడానికి ఆ మెకానిక్కు కార్డు రాత్రికి తమ్ముడికి చేర్చింది.

మర్నాడు తొమ్మిదిన్నరకి డాక్టరు వచ్చాడు. ఆమె గదిలో గేటు కెమెరా తెర ఉంటుంది, అందులో చూస్తూ కూర్చుంది. బూతు ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి మరీ దారిచ్చాడు. తొమ్మిదీ నలభైకి లాయరమ్మ వచ్చింది, ఆవిడకి సెల్యూటు కూడా కొట్టారు. మాట నిలబెట్టుకుంటున్నారే అనుకుంది లిస్టక్క. ఆ ఆలోచన ఎందుకో ఆమెకి సంతోషం కలిగించలేదు.

పదీ అయిదుకి తమ్ముడు వీధి మలుపు తిరిగాడు. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గేటు ముందు రోడ్డు మీద పసుపు గీత ఒకటి ఉంటుంది, అక్కణ్ణుంచి లోపలికి ఎంబసీది, బయట ఈ దేశానిది. ఆ గీతకి పది అడుగుల దూరంలో ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. మెకానిక్కు కార్డు చూశాడు, గులాబీ కాగితం చూశాడు. తర్వాత గేటు సార్జెంటుని పిలిచి తెల్ల కాగితం కూడా తెప్పించుకున్నాడు. అప్పుడు చూసింది లిస్టక్క, ఆ తెల్ల కాగితం మీద మూడో పేరు చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా గీసి ఉంది. ఎనిమిదిన్నరకే చదివారు. పేరు పేరుకీ వేలు పెట్టి చదివారు. ఎవరినో దాస్తున్నారంటే వాడే అసలైనవాడని తెలుసుకుని, వాడి కోసమే కాచుకుని కూర్చున్నారు.

మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. తెరలో శబ్దం రాదు, కానీ కిటికీలోంచి వినపడింది, ఎండు కర్ర విరిచినట్టు. వాడు కూలబడ్డాడు. నలుగురు చుట్టూ చేరారు. ఒకడు చేతి మీద బూటు పెట్టి తొక్కి పట్టాడు, ఇంకొకడు లాఠీ రెండు చేతులా ఎత్తి వేళ్ళ మీద కొట్టాడు, ఒక్కొక్క వేలూ ఎంచుకుని మరీ. వాడు గీత వైపు పాకాడు. జుట్టు పట్టి వెనక్కి ఈడ్చారు. మళ్ళీ పాకాడు. ఈసారి దవడ మీద బూటుతో తన్నారు, నోట్లోంచి రక్తంతో పాటు తెల్లగా ఏవో రోడ్డు మీద రాలాయి. సార్జెంటు గీతకి ఇవతల కొయ్యబారి నిలబడ్డాడు.

లిస్టక్క మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు. హాల్లో డిప్యూటీ కల్నల్ చొక్కా పట్టుకుని గేటు తీయించమని అరుస్తోంది. తీసినా మనవాళ్ళు గీత దాటడానికి లేదని కల్నల్ అంటున్నాడు. ఇన్‌స్పెక్టరుతో ఫోన్లో అప్పటికే మాట్లాడాడట. ఆయన చాలా మర్యాదగా జవాబు చెప్పాడట. మేం మాట ఇచ్చింది లిస్టులో ఉన్న అతిథులకి, వాళ్ళిద్దరూ క్షేమంగా లోపలికి వచ్చారు కదా, ఈయన మా లిస్టులో లేడు అన్నాడట.

"నేనే మార్చాను," అంది లిస్టక్క.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. గులాబీ కాపీలో తమ్ముడి పేరు తీసేసి మెకానిక్కు పేరు పెట్టానని, వాణ్ణి కాపాడదామని చేశానని, ఉన్న నాలుగు మాటలూ చెప్పేసింది. డిప్యూటీ మొహంలో కోపం రాలేదు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కల్నల్ మటుకు, అయితే సవరించిన లిస్టు ఇస్తే సరిపోతుందన్నాడు. రాయబారి సంతకంతో.

తమ్ముడి ఎముకలు విరుగుతున్న చప్పుడు వింటూ ఆమె లిస్టు కొట్టింది. డాక్టరు పేరు, లాయరమ్మ పేరు, తమ్ముడి పేరు. కాగితం యంత్రంలో ఇరుక్కుంది. లాగి మళ్ళీ పెట్టింది. పెద్దాయన సంతకం చేశాడు, ముద్ర వేయాలని కల్నల్ గుర్తు చేశాడు, వేశారు. అంతా కలిపి ఆరు నిమిషాలు. కాగితం పట్టుకుని ఆమె గేటు దాటింది, గీత దాటింది, నేరుగా వెళ్ళి ఇన్‌స్పెక్టరు మొహం ముందు పెట్టింది.

ఆయన చేత్తో సైగ చేస్తే కొట్టడం ఆగింది. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చదివాడు. జేబులోంచి పెన్ను తీసి మూడు టిక్కులు కొట్టి, కింద తేదీ వేసి సంతకం పెట్టాడు.

"ఇప్పుడు సరిపోయిందమ్మా. తీసుకెళ్ళండి," అన్నాడు.

తీసుకెళ్ళడానికి మిగిలిందేముంది? ఆమె చంకల్లో చేతులు వేసి లాగింది, సార్జెంటు ఉద్యోగం సంగతి మర్చిపోయి వచ్చి కాళ్ళు పట్టాడు. హాల్లో నున్నటి నేల మీద పడుకోబెట్టారు. డాక్టరు వాడి చొక్కా చింపి రొమ్ము మీద రెండు చేతులూ వేసి తడిమి చూశాడు. చెయ్యి ఆనిన ప్రతిచోటా విరిగిన పక్కటెముకలు కిందికి దిగిపోతున్నాయి. తమ్ముడి కళ్ళు అక్కనే చూస్తున్నాయి. మాట రావడానికి దవడ లేదు. ఆమె వాడి తల ఒళ్ళోకి తీసుకుని, "ఒరేయ్, నా తప్పేరా, నా తప్పే," అంటూ ఉండగానే ఆ చూపు ఆగిపోయింది. డాక్టరు చేతులు తీసేశాడు.

పెద్దాయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చాలా కఠినమైన మాటలతో ఖండన ప్రకటన ఇస్తామన్నాడు, ఇంతవరకూ ఎవరి మీదా వాడనంత కఠినమైన మాటలతో. ఆ మాట అంటుంటే ఆయనకే సిగ్గేసినట్టుంది, సగంలో ఆపేశాడు. డిప్యూటీ వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. తన తెల్ల ప్యాంటుకి రక్తం అంటుకుంటోందని కూడా చూసుకోలేదు.

"మేం ఏం చేయాలో మీరు చెప్పండి. ఒక్క మాట మార్చకుండా రాజధానికి రాస్తాను," అంది.

లిస్టక్కకి ఆ క్షణంలో ఆవిడ మీద కోపం కంటే జాలే ఎక్కువ కలిగింది.

"తప్పు నాది మేడమ్, అది నేను మోస్తాను. కానీ నా తమ్ముణ్ణి చంపుతుంటే మీ ఇల్లు కాగితం కోసం ఆగింది. నేను కూడా ఆగాను, అలా ఆగడం ఇక్కడే నేర్చుకున్నాను. ఇంత పెద్ద దేశం, ఎవరు సంతకం పెడితే పది అడుగులు వేస్తుంది? అది రాసుకోండి."

తర్వాత లేచి, గోడకి తగిలించిన ప్రథమ చికిత్స స్ట్రెచరు దించింది. వాణ్ణి రేవుకి తీసుకెళతానంది, వాడి మనుషులు అక్కడున్నారు. బయట కాలుస్తారని కల్నల్ అడ్డుపడ్డాడు. ఆమె అతన్ని ఈగని తోలినట్టు పక్కకి తోసింది. లాయరమ్మ చెప్పులు విప్పి, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, ముందు వైపు కుడి కొస పట్టుకుంది. డాక్టరు ఎడమ కొస పట్టుకున్నాడు. వెనక రెండు కొసలూ లిస్టక్క పట్టుకుంది.

డిప్యూటీ పరుగున అడ్డం వచ్చింది. "నేనూ వస్తాను. నేను పక్కనుంటే వాళ్ళు కాల్చరు. ఒక్క ఐదు నిమిషాలు ఆగండి, రాజధాని అనుమతి తీసుకుంటాను," అంది.

అందులో అబద్ధం లేదు. ఆ తెల్లటి మొహం పక్కన నడిస్తే ఏ తుపాకీ పేలదని ముగ్గురికీ తెలుసు. లాయరమ్మ లిస్టక్క వంక చూసింది, ఆగుదామా అన్నట్టు.

"అడుక్కోండి మేడమ్," అని లిస్టక్క ముందుకి కదిలింది.

బయటికి పోయేవాళ్ళకి లిస్టు లేదు, సార్జెంటు గేటు బార్లా తీశాడు. ఇన్‌స్పెక్టరు వాళ్ళని ఆపలేదు. వైర్‌లెస్సులో ఏదో చెప్పాడు, అంతే. వీధి మొదట్లో జనం పోగవుతున్నారు, స్ట్రెచరు మీద ఎవరున్నారో గుర్తుపట్టినవాళ్ళు ఇటు పరిగెత్తుకొస్తున్నారు. వందడుగులు నడిచారు. ఎక్కడో మేడ మీంచి రెండు సార్లు పేలింది. లాయరమ్మ కాలు తడబడ్డట్టు ముందుకి తూలి, మొహం నేలకేసి పడింది. మెడ కింద నుంచి రక్తం గబగబా పారింది. డాక్టరు తన కొస కింద పెట్టి ఆవిడ మీదికి వంగి, గాయం మీద అరచేయి అదిమి పట్టాడు. మూడో గుండు ఆయన భుజంలో దిగింది. ఆయన పక్కకి ఒరిగిపోయాడు, చెయ్యి మటుకు ఆవిడ మెడ మీంచి తీయలేదు.

స్ట్రెచరు ముందు భాగం నేల మీద ఉంది. లిస్టక్క వెనక కొసలు వదల్లేదు. ముందుకి నెట్టింది, అది కదల్లేదు. వంగి మళ్ళీ నెట్టింది. ఆమె చెవి పక్కనుంచి ఏదో సర్రున పోయింది, తల కూడా తిప్పలేదు.

వెనక నుంచి పరుగు చప్పుడు వినపడింది. డిప్యూటీ ఫోను చేత్తో పైకెత్తి పట్టుకుని, రెండు భాషల్లోనూ కాల్చొద్దని కేకలు పెడుతూ, గీత దాటి నడిరోడ్డు మీద వస్తోంది. మేడ మీద తుపాకీ ఆగిపోయింది. ఆవిడ రొప్పుతూ వచ్చి స్ట్రెచరు పక్కన నిలబడింది.

"అనుమతి వచ్చింది. నాలుగు నిమిషాల్లో వచ్చేసింది," అంది. అప్పుడు కింద పడి ఉన్న లాయరమ్మని చూసింది, డాక్టరుని చూసింది. ఫోను చేతిలోంచి జారిపోయింది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "నేను ఏ కొస పట్టుకోను?"

"ఏదైనా పట్టుకోండి," అంది లిస్టక్క. "ముందు రెండూ ఖాళీయే."